పత్తి అర్రలో గొంతు

పెళ్లయి ఏడాది కావస్తున్నా కోమలకు అత్తగారిల్లు ఇంకా పాతబడలేదు. కట్టంగూరులో హైవేకు కూతవేటు దూరంలో ఆ ఇల్లు. నవీన్‌కుమార్ సబ్‌స్టేషన్ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు సందు మలుపులో బండి హారన్ రెండుసార్లు కొట్టేవాడు. అది తనకోసమేనని ఊళ్లో ఇంకెవరికీ తెలియదని ఆమె మురిసిపోయేది. అత్త బాలనర్సమ్మకు మొదటి రోజే తెలిసిపోయిందన్న సంగతి కోమలకు చాలా ఆలస్యంగా తెలిసింది. టిఫిన్ డబ్బాలో అతను మిగిల్చి తెచ్చే సగం మిర్చి బజ్జీ, ఆరేసిన చీర మీద వాలిన తూనీగ, ఇద్దరి టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఒరిగి ఉండటం, ఇలాంటివన్నీ ఆమెకు పండుగలే.

ఇవన్నీ ఒక ఎత్తయితే, సాయంత్రం పూట లాప్‌టాప్ తెరవడం ఇంకో ఎత్తు. నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లోనే ఆమె ఒక గుంపులో చేరింది. ఎవరి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. కంప్యూటర్‌ను నడిపించే ఆ సరంజామానంతా ప్రపంచం నలుమూలలా ఉన్న మనుషులు జీతం బత్తెం లేకుండా తలా ఒక చెయ్యి వేసి తయారు చేస్తారు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చింది మళ్లీ అందరికీ ఇవ్వవచ్చు. కోమల పని, తెర మీద కనిపించే మాటలను తెలుగులో పెట్టడం. 'చెత్తబుట్టను ఖాళీ చేయి' అన్న మీట ఆమె రాసిందే. దాన్ని నొక్కినప్పుడల్లా చిన్నపిల్లలా గంతేసేది.

"నా మాట! సూడు, నా మాట!"

"కంప్యూటర్ నీ మాట ఇంటది, నువ్వు నా మాట ఇనవు. గిదేం న్యాయమే?" అనేవాడు నవీన్‌కుమార్.

పక్కిల్లు దశరథ్ సార్‌ది. హైస్కూల్లో సోషల్ చెబుతాడు. చిన్నప్పుడే చూపు పోయింది. ఆయన భార్య ఎస్తేరు అంగన్‌వాడీ టీచరు. ఆమె గొంతు వాడకట్టుకంతటికీ ఎరుకే. పొద్దున ఆమె పిల్లల్ని పిలిస్తే పిల్లలతో పాటు కుక్కలు కూడా బయలుదేరేవి. ఆదివారం చర్చిలో ఆమె పాడితే, గుడికి పోయే బాలనర్సమ్మ కూడా గోడ దగ్గర ఆగి విని పోయేది. ఆమె నవ్వితే ముందు గట్టిగా ఒక ఊపిరి పీల్చి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఫక్కున పడేది. ఆ ఊపిరి వినగానే చుట్టుపక్కల వాళ్లు నవ్వడానికి సిద్ధమైపోయేవాళ్లు.

దశరథ్ సార్ లాప్‌టాప్‌లో ఆ సిస్టమ్‌ను ఎక్కించింది కోమలే. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సదుపాయం అందులో ఉంది. అయితే దాని తెలుగు గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. ఆయన దానికి 'డబ్బా సార్' అని పేరు పెట్టాడు. బడికి వచ్చే సర్కారు కాయితాలు, పేపర్లు మాత్రం ఎస్తేరే చదివి వినిపించేది.

బతుకమ్మ పండుగ వెళ్లిన తర్వాత ఎస్తేరుకు ముద్ద మింగుడు పడటం కష్టమైంది. హైదరాబాద్ దవాఖానలో చూపిస్తే, లోపల గడ్డ ఉందనీ, దాంతో పాటు గొంతుపెట్టెను కూడా తీసేయక తప్పదనీ చెప్పారు. ప్రాణం దక్కవచ్చు, మాట మాత్రం దక్కదు. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత అన్నారు.

ఆ సంగతి విని కోమల వాళ్లింటికి పరుగెత్తేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎస్తేరు చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రా పిల్లా," అంది. "ఇన్నవా? ఇగ మా సారు చెవులకు ఆరామే ఆరాం. ఎన్నేండ్ల సంది మొక్కుకున్నడో."

దశరథ్ సార్ నవ్వలేదు. "నువ్వు రాసి సూపిస్తె నేను సదువలేను. సైగ జేస్తె సూడలేను. ఆపరేషన్ అయినంక నువ్వు నాతోని ఎట్ల మాట్లాడతవే?"

ఎస్తేరు చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. ఆమె అంతవరకు తన గొంతు గురించే అనుకుంది. ఈ సంగతి అప్పుడే తట్టినట్టుంది.

మరునాడు పొద్దున్నే కోమల తన గుంపుకు ఒక ఉత్తరం రాసింది. మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ నుంచి విజేందర్ ఫోన్ చేశాడు. తెలుగు పనికి పెద్దదిక్కు అతనే.

"మంచి తెలుగు గొంతు కావాలని మనం ఎప్పటి సందో అనుకుంటున్నం కోమలా. గన్ని వాక్యాలు కూసోని సదివెటోళ్లు దొరకక ఆగింది. మీ ఎస్తేరక్క సదివితె ఆమె గొంతుతోనే చేద్దాం. ఆపరేషన్ అయినంక ఆమె టైపు చేస్తది, కంప్యూటర్ ఆమె గొంతుతోని సార్‌కు చెప్తది. అందరికి గూడ ఒక గొంతు దొరుకుతది."

కోమల ఎగిరి గంతేసింది. రామన్నపేటలో డిగ్రీ పిల్లలు వాక్యాలు పోగు చేస్తామన్నారు. బ్రెజిల్‌లో ఉండే ఒకాయన, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, ఆ వాక్యాల్లోంచి గొంతును తయారుచేసే ప్రోగ్రాం నడుపుతానన్నాడు. చదవడానికి కొన్ని కట్టుబాట్లు పంపారు. ఒకే స్థాయిలో చదవాలి. నవ్వకూడదు, సాగదీయకూడదు. పుస్తకాల భాషలోనే ఉండాలి. వెనకాల ఏ చప్పుడూ వినపడకూడదు.

అదే చిక్కొచ్చింది. హైవే మీద లారీ పోని నిమిషం ఉండదు. లారీ లేనప్పుడు కోళ్లు, కోళ్లు ఆగితే ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఈ గది కాదని ఆ గది, నాలుగు అర్రలు మార్చి చూశారు. చివరికి దారి చూపింది బాలనర్సమ్మ.

"పత్తి అర్రల కూసోరాదుండ్రి? అండ్ల పిలిస్తె పక్కనున్నోళ్లకే ఇనవడది. నిన్న అండ్ల ఉన్న మీ మామను అన్నానికి పిలిస్తె పలుకకపాయె, అలిగిండనుకున్న."

ఏరి తెచ్చిన పత్తిని ఆ అర్రలో దూలాల దాకా నింపి ఉంచారు. నవీన్‌కుమార్ నడుమ కొంత తవ్వి ఒక పీట పట్టేంత జాగా చేశాడు. లోపల కూర్చుని తలుపు మూస్తే లారీ లేదు, కోడి లేదు, అసలు ఊరే లేదు. మాట నోట్లోంచి బయటికి రాగానే పత్తిలో ఇంకిపోయేది.

కోమల మామ గాలయ్య మిల్లు బేరగాడిని వాకిట్లోంచే వాపసు పంపాడు. "ఎస్తేరు సదువుడు అయినంక రాపో," అన్నాడు.

"అప్పటిదాక ఉంచితె పత్తి ఆరిపోయి తూకం తగ్గదా?" అని భార్య సణిగింది.

"తగ్గనియ్. ఆమె గొంతు మల్ల వస్తదా?"

పక్క వాకిట్లో శ్యామలమ్మ, వాళ్లు లోపల ఉన్నంతసేపూ కోళ్లను గంప కింద మూసిపెట్టేది. పత్తి అర్రలోకి కోడి కూత వినపడదని ఎవరు చెప్పినా ఆమె వినలేదు. తన వంతు తాను చేయాలిగా మరి.

పొద్దున పూట ఎస్తేరు గొంతు తేటగా ఉండేది. చుట్టూ తెల్లటి గుట్టల నడుమ పీట మీద కూర్చునేది. జుట్టు నిండా పత్తి పింజలు.

"మబ్బుల కూసున్నట్టుంది పిల్లా. పరలోకం గిట్లనే ఉంటె నాకు ఫికర్ లేదు. గని ఉక్కపోత జర ఎక్కువుంది," అనేది.

"అక్కా, రికార్డు అయితుంది. వాక్యం చదువు."

"'ఈ మేరకు ప్రభుత్వం ఉత్తర్వులు' ..." గట్టిగా ఒక ఊపిరి, ఒక్క క్షణం, ఇక ఫక్కున నవ్వు. "కోమలా, నీకు దండం పెడత. గీ ఉత్తర్వులు నన్ను ఈడ గూడ ఇడువవా? మా సారు బడి కాయితాల నిండ ఇయ్యే. 'ఈ మేరకు, ఈ మేరకు' అని ఎవలన్న మాట్లాడుతరానే? ఈ మేరకు నేను కూర వండితిని, ఈ మేరకు నువ్వు తినుమని!"

కోమల కూడా పడీపడీ నవ్వింది. ఇద్దరూ నవ్వుతుంటే పై నుంచి పత్తి పింజలు రాలాయి. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా ఎస్తేరు అక్కడికి రాగానే ఆగిపోయేది. చివరికి చెంపలు గట్టిగా పట్టుకుని ఎలాగో ముగించింది.

"నడుమ నడుమ మనయి గూడ పెట్టు," అంది ఒకరోజు. "'ఏమయ్యా, తిన్నవా?' 'జర జరుగు.' 'గొళ్లెం పెట్టినవా?' నేను సారుతోని మాట్లాడేటివి అయ్యే గదా. ఉత్తర్వులు నేనేం జేసుకోను?"

"అక్కా, రూల్ ఒప్పదు. ఈ వాక్యాలు అయిపోనీ, ఆఖర్ల అవి చదువుదాం."

సాయంత్రాలు కోమల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని శుభ్రం చేసేది. దగ్గు తీసేయాలి. 'నీళ్లియ్యి పిల్లా' తీసేయాలి. గాజుల చప్పుడు, గుటక, నవ్వు, 'అయ్యో మల్ల తప్పాయె', అన్నీ తీసేయాలి. బత్తాయి పండు ఒలిచినట్టు వాక్యం ఒక్కటే మిగలాలి. అలా ఒలిచిన దాన్ని గుంపుకు పంపించి, మిగిలిందంతా చెత్తబుట్టలో వేసేది. ఆమెది కాలేజీ నాటి లాప్‌టాప్, ఊరికే నిండిపోయేది. అప్పుడు తన మీట తాను నొక్కేది. చెత్తబుట్టను ఖాళీ చేయి. నొక్కిన ప్రతిసారీ అదే మురిపెం. పక్కన నవీన్‌కుమార్ ఉంటే అతని వేలు పట్టుకుని నొక్కించేది.

క్రిస్మస్‌కు ఎస్తేరు చర్చిలో పాడింది. రెండో చరణం దగ్గర గొంతు పట్టేస్తే మిగతా వాళ్లందరూ అందుకున్నారు. ఆ మరునాడే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్‌ను ముందుకు జరిపారు, వెంటనే రమ్మన్నారు. పుస్తకం వాక్యాలు అప్పటికి అయిపోవచ్చాయి. ఆఖర్న చదువుదామనుకున్నవి మొదలే కాలేదు. వాళ్ల ఆటో సందు దాటిన తర్వాత గాలయ్య బేరగాడికి కబురు పంపాడు. సాయంత్రానికి పత్తి అర్ర ఖాళీ అయింది. కోమల లోపలికి పోయి 'అక్కా' అని పిలిచి చూసింది. నాలుగు గోడలూ ఆమె మాటను ఆమెకే తిరిగి ఇచ్చాయి.

మెడకు తెల్లటి గుడ్డతో ఎస్తేరు తిరిగి వచ్చింది. మనిషి సగమైంది. ఇల్లంతా చడీచప్పుడు లేకుండా అయింది. ఆమె గాజులను బట్టి, కాలి మట్టెలను బట్టి ఎక్కడుందో దశరథ్ సార్ వెతుక్కునేవాడు. ఏదైనా చెప్పాలంటే ఆమె ఆయన అరచేతిలో వేలితో గీసేది. ఆయనకు సగం అర్థమయ్యేది.

శివరాత్రి వెళ్లిన తర్వాత గొంతు తయారైందని విజేందర్ కబురు చేశాడు. ఆ ఆదివారం దశరథ్ సార్ ఇంటి ముందు పెళ్లికి చేరినట్టు చేరారు. గాలయ్య, బాలనర్సమ్మ, శ్యామలమ్మ, అంగన్‌వాడీ పిల్లల తల్లులు. కోమల కొత్త చీర కట్టుకుంది. లాప్‌టాప్‌ను ముందు పెడితే, ఎస్తేరు అన్నాళ్లుగా నేర్చుకున్న టైపుతో ఒక్కో అక్షరమే వెతికి కొట్టింది.

"ఏమయ్యా, తిన్నవా," అంది కంప్యూటర్.

అచ్చం ఎస్తేరు గొంతే. అందరూ చప్పట్లు కొట్టారు. శ్యామలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. దశరథ్ సార్ మాత్రం తల ఒక పక్కకు వంచి అలాగే ఉండిపోయాడు.

"సార్?" అంది కోమల.

"గొంతు ఆమెదే," అన్నాడాయన మెల్లగా. "గని కోమలా, ఎస్తేరు మాట్లాడితె ఆమె ఏడున్నదో నాకు ఎరుకైతుండె. వంటింట్ల గిన్నెల నడుమ ఉన్నదా, బోరు కాడ గచ్చు మీదున్నదా, అలిగి గోడకు మొకం పెట్టిందా, అన్ని ఇనవడుతుండె. గీ గొంతు ఏ అర్రల ఉన్నదో తెలుస్తలేదు. దీనికి ఇల్లు లేదు."

ఎస్తేరు మళ్లీ టైపు చేసింది. "ఈ మేరకు నేను పత్తిలో ఉన్నాను," అంది కంప్యూటర్, వార్తలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా.

ఎస్తేరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. వాకిట్లో ఉన్న వాళ్లంతా ఆమెను చూసి నవ్వారు. ఒక్క దశరథ్ సారే అందరి నవ్వుల మధ్య ఏమీ తోచక అటూ ఇటూ తల తిప్పాడు.

"ఏమైంది? ఆమె ఏం జేస్తున్నది?"

నవ్వులు ఆగిపోయాయి. "అక్క నవ్వుతుంది సార్," అంది కోమల.

"అట్లనా." ఆయన చెయ్యి చాపి, వెతికి, ఆమె భుజం మీద వేశాడు. ఆ కుదుపు ఆగేదాకా తీయలేదు. తర్వాత కోమల వైపు తిరిగి, "పత్తిల కూసోని ఇద్దరు మస్తు నవ్వుతుండిరంట గద? గా నవ్వు జర ఇందుల పెట్టరాదు బిడ్డా?" అని అడిగాడు.

కోమల కొత్త చీర కుచ్చిళ్లు పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. తన పాత లాప్‌టాప్ తెరిచింది. 'చెత్తబుట్ట ఖాళీగా ఉంది' అని చూపించింది తెర. ఆ మాట కూడా తనే రాసింది. రాసిన రోజు కాలేజీ క్యాంటీన్‌లో స్నేహితురాళ్లకు సమోసాలు కూడా తినిపించింది.

విజేందర్‌ను అడిగింది. బ్రెజిల్ ఆయనను అడిగింది. ఆమె పంపినవే వాళ్ల దగ్గర ఉన్నాయి, అన్నీ శుభ్రమైనవే. కళ్లు తుడుచుకుని తిరిగి వెళ్లి, లేదని చెప్పింది. దశరథ్ సార్ 'పోనీలే' అన్నాడు. ఎస్తేరు ఆమెను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఆ రోజంతా ఆ ఇద్దరూ లాప్‌టాప్ తెరవలేదని కోమలకు తర్వాత తెలిసింది. ఆ తర్వాత కూడా అవసరమైన మాటలకే వాడుకునేవాళ్లు, మందు గోలీల వేళకో, గ్యాస్ సిలిండర్ సంగతికో. ముచ్చట్లకు మాత్రం అరచెయ్యే.

వానాకాలం నడుమ గడ్డ మళ్లీ తిరగబెట్టింది. ఈసారి తీయడానికి ఏమీ మిగల్లేదు. చేలల్లో పత్తి పూతకొచ్చే వేళకు ఎస్తేరు పోయింది. సమాధుల దగ్గర అంగన్‌వాడీ పిల్లలు ఆమె నేర్పిన పాటే పాడారు. దశరథ్ సార్ తడి మట్టి చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వేయకుండా పట్టుకున్నాడు.

దసరాకు సిస్టమ్ కొత్త కూర్పు విడుదలైంది. గొంతుల వరుసలో తెలుగు దగ్గర 'ఎస్తేరు' అన్న పేరుంది. ఎక్కడెక్కడి నుంచో జనం మెచ్చుకుంటూ రాశారు. చూపు లేని వాళ్లు పాఠాలు వింటున్నామన్నారు, ఎవరో తమ తాతకు పేపరు వినిపిస్తున్నామన్నారు. దశరథ్ సార్ మాత్రం తన లాప్‌టాప్‌లో మళ్లీ డబ్బా సార్‌నే పెట్టించుకున్నాడు. "ఆమె ఇంట్ల లేదు. ఆమె గొంతు నాకు జీతాల కాయితం సదువుడేంది?" అన్నాడు.

పత్తి మొదటి ఏరుడు ఇంటికొచ్చిన రోజుల్లో కోమలకు గుంపు నుంచి ఒక ఫిర్యాదు అందింది. ఆ గొంతు మంచిచెడ్డలు చూసేది ఇప్పుడు ఆమే. ఆత్మకూరు నుంచి ఎల్లేష్ అనే కుర్రాడు రాశాడు. అతనికి చూపు లేదు. సర్కారు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాడు. 'ఉత్తర్వులు అన్న మాట వచ్చినప్పుడల్లా వెనకాల ఊపిరి పీల్చిన చప్పుడు వస్తోంది. మా పుస్తకాల్లో ఆ మాట చాలాసార్లు వస్తుంది. చెవికి అడ్డం తగులుతోంది. దయచేసి సరిచేయండి.'

కోమల తెరిచి విన్నది. నిజమే. ఊపిరికి ముందే కత్తిరించాల్సింది, ఒక రవ్వంత ఆలస్యంగా, ఊపిరికీ నవ్వుకూ నడుమ కత్తిరించింది. ఆ రోజు బహుశా నవీన్‌కుమార్ హారన్ వినిపించి ఉంటుంది. లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని పక్కింటికి వెళ్లింది.

"సార్, ఒకటి వినండి."

"ఉత్తర్వులు," అంది ఎస్తేరు గొంతు. వెంటనే గట్టిగా ఒక ఊపిరి.

దశరథ్ సార్ నిటారుగా లేచి కూర్చున్నాడు. "మల్ల."

"ఉత్తర్వులు." ఊపిరి.

"మల్ల."

ఎన్నిసార్లు వినిపించిందో ఆమెకే తెలియదు. ఆయన పెదవులు విచ్చుకున్నాయి. "ఇగ నవ్వుతది," అన్నాడు. "సూడు, ఇగ నవ్వుతది."

అంతలోనే ఆ ముక్క అయిపోయింది.

కోమల ఫిర్యాదు సంగతి చెప్పింది. ఆయన కుర్రాడి ఊరు అడిగాడు, ఏ పరీక్షో అడిగాడు. "సర్కారు పుస్తకాలంటె పేజీ పేజీకి ఉత్తర్వులే. పాపం, ఎట్ల ఓర్సుకుంటడు," అన్నాడు. "కోసెయ్ బిడ్డా."

"సార్..."

"అందరిది గదా అది. అందరికి మంచిగుండాలె. ఎస్తేరు ఉన్నా గదే అంటుండె. నా మిషన్ల మాత్రం గిదే ఉండనియ్. కొత్తది ఎక్కియ్యకు."

"కొత్తవి ఎక్కించకపోతె మీది పాతబడిపోతది సార్. పోను పోను ఏదీ సరిగ్గ నడవదు."

"నాతోని పాటె పాతగ కానియ్."

కోమల ఇంటికి వచ్చి ఆ ఊపిరిని కత్తిరించింది. సరిచేశామని ఎల్లేష్‌కు రాసింది. అతను వెంటనే జవాబిచ్చాడు. 'ఇప్పుడు చక్కగా ఉంది. ఆ అమ్మ ఎవరో గానీ గొంతు చల్లగా ఉంది. నా నమస్కారాలు చెప్పండి.' ఆమె తెర మూసేసింది.

సాయంత్రం సందు మలుపులో హారన్ రెండుసార్లు మోగింది. కోమల వాకిట్లోకి వచ్చింది. నవీన్‌కుమార్ బండి దిగుతూనే టిఫిన్ డబ్బా ఊపి, "ఇయ్యాల సగం కాదు, మొత్తం బజ్జీ," అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది. అప్పుడే గోడ అవతలి నుంచి ఆ గొంతు వినిపించింది.

"ఉత్తర్వులు."

ఊపిరి.

ఆమె నవీన్‌కుమార్ చెయ్యి పట్టుకుని మాట్లాడొద్దన్నట్టు ఆపింది. ఇద్దరూ గోడ పక్కన నిలబడిపోయారు. హైవే మీద లారీ ఒకటి దూరంగా పోయింది. శ్యామలమ్మ కోళ్లు గూట్లోకి చేరుతూ కొక్కొక్కమన్నాయి. గోడ అవతల ఆయన కాసేపు ఎదురుచూశాడు. తర్వాత మళ్లీ మీట నొక్కాడు.